రసీదు లేని మొర

(హైదరాబాదు నగరమునందలి యొక పఠనమందిరమున పాఠకుల సమావేశమునందు గావించిన ఉపన్యాసము)



ఈ మందిరపు కార్యదర్శిగారు "పౌరుల హక్కులు" అను విషయమును గూర్చి నన్ను మాటలాడుమని కోరిరి. అట్లేయని యొప్పుకొంటిని గాని, ఇంటికి బోయి యోచింపగా ఆ పేరు నా తాహతునకు మించినదిగా దోచినది. రాజ్యాంగమందలి హక్కులను వరుసగా జదివి వినిపించుటకు నా యవసరము లేదు. ఆ గ్రంథము మీ బీరువాలోనే యున్నది. న్యాయవాదవృత్తిలో నాకు దినదినము కనబడునది హక్కు పుట్టిన చోటు గాదు, అది చచ్చెడి చోటు. ఈ మహానగరమున పేదవాని హక్కు కోర్టులో ఓడిపోయి చచ్చుట అరుదు. కోర్టు మెట్లెక్కుటకు ఎంతో ముందే, ఏదో యొక కార్యాలయపు కిటికీ యెదుట నోటిమాటగా పుట్టి నోటిమాటగానే పోవుచున్నది. ఆ కిటికీని గూర్చియే నేడు చెప్పదలచినాను.

కొంతకాలము క్రిందట నారాయణపేట ప్రాంతమునుండి కూలికై వచ్చిన దంపతులు నగరపు పడమటి దిక్కున కట్టుచున్న యొక మేడపై పని చేయుచుండిరి. భర్త పరంజా మీదినుండి పడెను; తొడయెముక విరిగెను. చేరువనున్న ఆసుపత్రికి మోసికొని పోగా, ముందు ధరావతు కట్టుమనియు, ఠాణానుండి కాగితము తెమ్మనియు జెప్పిరి. భార్య ఠాణాకు బోయెను. పడిన స్థలము తమ హద్దులోనిది కాదనిరి. రెండవ ఠాణాకు బోగా "మేస్త్రీని వెంటబెట్టుకొని రమ్ము" అనిరి. ఆ మేస్త్రీ కంట్రాక్టరు పక్షమున ఇరువదివేల రూపాయలు పట్టుకొని తానే వచ్చెను. డబ్బుతోబాటు ఒక తెల్లకాగితమును దెచ్చి వ్రేలిముద్ర వేయుమనెను. ఆమె వేయలేదు. చేతికి వచ్చు డబ్బును ఏల వదలుకొంటివమ్మా యని నేను తరువాత నడిగితిని. "తెల్లకాయితం మీద ఏలిముద్రేసే మా నాయిన భూమి పోగొట్టుకున్నడు సారూ" అన్నది. లా కాలేజీలో నేను చదివిన మూడేండ్ల చదువులో ఇంత సూటియైన పాఠము నాకు జ్ఞాపకము లేదు.

తొమ్మిదవ దినమున ఆమె మా వలంటీర్ల బల్లయొద్దకు వచ్చినది. మేమడిగిన మొదటి ప్రశ్న యిది: "పోయిన చోట్ల నీకిచ్చిన కాగితములేవి?" ఆమె రెండు చేతులును చాపి చూపెను. "కాయితం ఎవ్వలియ్యలే సారూ. పొద్దంత నిలబెట్టి పొమ్మన్నరు." తొమ్మిది దినములు తిరిగిన మనిషి ఎచ్చటికిని పోయినట్లు లోకమున నొక్క గుర్తైనను లేదు. ఆసుపత్రివారు ఆమె రాలేదని చెప్పవచ్చును, ఠాణావారు చెప్పవచ్చును, మేస్త్రీ సరేసరి. ఆమె మాటకు ఎదురుగా నలుగురి మాట. న్యాయాధిపతి యేమి చేయగలడు?

ఆమె ఎక్కిన గడపలయొద్ద చట్టమేమి చెప్పుచున్నదో చూడుడు. ప్రాణాపాయమున నున్న మనుష్యునకు మొదట వైద్యము చేసి, పోలీసు తతంగము తరువాత చూచుకొనవలెననియు, ఈ విధి ప్రభుత్వ వైద్యునికిని ప్రైవేటు వైద్యునికిని సమానమే యనియు సుప్రీంకోర్టు 1989 లో పరమానంద్ కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఇక వంగదేశపు సంగతి వినుడు. 1992 జూలైలో హకీం షేక్ అను వ్యవసాయకూలి రైలుబండినుండి పడి తలకు గాయమై కలకత్తా నగరమున ఒక ప్రభుత్వ ఆసుపత్రినుండి మరియొక దానికి త్రిప్పబడెను. ఒకచోట మంచము లేదనిరి, ఒకచోట యంత్రము లేదనిరి. తుదకు ప్రైవేటు వైద్యశాలలో సొంత డబ్బుతో చికిత్స పొందవలసి వచ్చెను. అతడు సభ్యుడుగా నున్న కూలీల సంఘము ఊరకుండక సుప్రీంకోర్టునకు బోయెను. 1996 లో న్యాయస్థానము, అత్యవసర వైద్యము నిరాకరించుట జీవించు హక్కును భంగపరచుటయే యని చెప్పి 25,000 రూపాయల పరిహార మిప్పించినది. మంచము లేదు, డబ్బు లేదు అను సాకులు ప్రభుత్వమునకు చెల్లవని కూడ జెప్పినది. ఆ కూలి గెలిచినది వాదనబలముచే మాత్రమే కాదు. ఏ ఆసుపత్రికి ఏ తేదీన పోయెనో, ఎవరు ఏమి చెప్పి పంపిరో తెలుపు ఆధారము లుండినవి; వాటిని చేతబట్టుకొని వెంట నిలుచుటకు ఒక సంఘముండినది. మన నారాయణపేట ఆడుబిడ్డకు ఆ రెండును లేవు.

ఠాణా సంగతి. పోలీసువారు నమోదు చేయదగిన నేరమును గూర్చి సమాచార మిచ్చినపుడు ఎఫ్.ఐ.ఆర్. వ్రాయుట వారి దయ గాదు, విధి. లలితకుమారి వ్యాజ్యమున 2013 లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ మాట స్పష్టము చేసినది. ఇతరుని నిర్లక్ష్యమువలన తీవ్రగాయము కలుగుట అట్టి నేరమే. 2024 జూలై 1 మొదలు అమలునందున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 వ సెక్షను మరియొక యడుగు ముందుకు వేసినది: నేరము ఏ హద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును. జనులు దీనిని "జీరో ఎఫ్.ఐ.ఆర్." అనుచున్నారు. "మా హద్దు కాదు" అను సమాధానమునకు ఇక చోటు లేదు. ఈ సెక్షనులో నాకు మిక్కిలి ప్రీతియైన భాగము వేరొకటి కలదు. నోటితో చెప్పినదానిని అధికారియే వ్రాయవలెను. వ్రాసినదానిని చదివి వినిపించవలెను. చెప్పినవారి సంతకము తీసికొనవలెను. ప్రతిని ఉచితముగా నీయవలెను. అక్షరము రానివానికి చట్టము అధికారి చేతనే కలము పట్టించినదన్న మాట! ఠాణాలో నమోదు చేయనిచో ఆ సంగతిని వ్రాసి తపాలాలో పై యధికారికి పంపవచ్చును. అప్పటికిని కాకున్న మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. ఈ మూడు మెట్లలో ఏ మెట్టునకును నోటిమాట ఎక్కదు. తపాలా రసీదు ఎక్కును. రిజిష్టరు తపాలా 2025 లో స్పీడుపోస్టులో కలిసిపోయినదని కొందరు పెద్దలు విచారించుచున్నారు. పేరు మారిన మారనిండు. తేదీ గల రసీదు వచ్చుచున్నంతవరకు మనకు కొరత లేదు.

పనిలో దెబ్బతిన్నవానికి యజమాని పరిహార మీయవలెనను నియమము మనదేశమున 1923 నుండి యున్నది. 2025 నవంబరు 21 న అమలునకు వచ్చిన సాంఘిక భద్రతా స్మృతిలోను అది నిలిచియున్నది. యజమాని తప్పు చేసినట్లు నిరూపింప నక్కర లేదు. పని మూలమున పని సమయమున దెబ్బ తగిలినట్లు చూపిన జాలును. కంట్రాక్టరు మాయమైనచో పనిని అప్పగించిన అసలు యజమానిని పట్టుకొనవచ్చును. ఈ హక్కును వదలుకొంటినని వ్రాసి యిచ్చిన ఒడంబడిక చెల్లదు. మేస్త్రీ తెచ్చిన తెల్లకాగితము వెనుక నున్న యుక్తి యిపుడు మీకు బోధపడినది గదా. చెల్లని ఒడంబడికను వ్రాయించుకొనుట కంటె, ప్రమాదము జరుగనే లేదని వ్రాసికొనుట వానికి లాభము.

ఇక ఠాణాలు, ఆసుపత్రులు విడిచి, మీ నా యిండ్లముందరి సంగతికి వత్తము. ఈ నగరము ఒక్క యేలుబడిలో లేదు. వీధిలో మ్యాన్‌హోలు పొంగినచో ఎవరి నడుగవలెను? మురుగుగొట్టము జలమండలిది, ఆ మండలి 1989 నాటి చట్టముచే వేరుగా నేర్పడినది. దాని ప్రక్కన పారు వాననీటి కాలువ నగరపాలక సంస్థది. వీధిదీపము నగరపాలక సంస్థదే గాని, దానికి కరెంటు తెచ్చు తీగ విద్యుత్ పంపిణీ సంస్థది. 2007 ఏప్రిలు 16 న పండ్రెండు పురపాలక సంఘములను ఎనిమిది గ్రామపంచాయితీలను పాత నగరముతో జేర్చి మహానగరపాలక సంస్థను చేసిరి. అటుపిమ్మటను హద్దులు మారుచునే యున్నవి. ఉద్యోగులకే తమ హద్దు తెలియని దినములు కలవు. అట్టిచో కొత్తగా వచ్చిన కాపురస్థుడు "ఇది మాది కాదు" అను మాట విని మూడు కార్యాలయములు తిరిగి నాలుగవ దినమున ముక్కు మూసికొని బ్రదుకుట నేర్చుకొనుచున్నాడు.

దీనికి మందు 2005 నాటి సమాచార హక్కు చట్టమున నున్నది. ఆ చట్టమనగానే మనవారు కుంభకోణములు, మంత్రులు అని తలంచుచున్నారు. నిజమునకు అది పొంగిన మురుగునకు పుట్టిన చట్టము! 6 వ సెక్షను చదువుడు. దరఖాస్తు తప్పు కార్యాలయమునకు వచ్చినచో ఆ యధికారియే అయిదు దినములలో సరియైన కార్యాలయమునకు పంపవలెను. ఏ గడప యెక్కవలెనో తెలిసికొను భారము పౌరునిపైనుండి తీసి అధికారిపై నుంచిన చట్టము మనదేశమున ఇంకొకటి ఇంత తేటగా లేదు. అర్జీదారుడు వ్రాయలేనివాడైనచో అధికారియే వ్రాసి పెట్టవలెను. "ఇది నీకెందుకు?" అని అడుగు అధికారము వారికి లేదు. ముప్పది దినములలో సమాధాన మీయవలెను. ప్రాణమునకు స్వేచ్ఛకు సంబంధించినదైనచో నలువదియెనిమిది గంటలలోనే. గడువు దాటినచో సమాచారము ఉచితముగా నీయవలెను. అకారణముగా ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జుల్మానా.

అయితే అడుగు విధము తెలియవలెను. "మా వీధి మురుగును ఏల బాగు చేయలేదు?" అని వ్రాసినచో ఏదో యొక దాటవేత వచ్చును, లేదా అట్టి సమాచారము మాయొద్ద లేదని వచ్చును. "ఫలాని తేదీన నేనిచ్చిన అర్జీపై నేటివరకు తీసికొన్న చర్యల కాగితముల ప్రతులు, ఆ అర్జీ యిపుడు ఏ యుద్యోగి బల్లపై నున్నదో వాని పేరు, హోదా" అని వ్రాయుడు. పది రూపాయల రుసుముతో పోయిన ఈ నాలుగు పంక్తుల దరఖాస్తునకు సమాధానము వచ్చుటకు ముందే మ్యాన్‌హోలు బాగుపడుట నేను పలుమారులు చూచితిని. సమాధానముగా తన పేరు వ్రాయవలసిన యుద్యోగి, ఆ పేరు వ్రాయుటకంటె పని చేయుటయే సులువని యెంచును. కాని మొదటి అర్జీయే వ్రాతలో లేనిచో, రెండవ అర్జీలో వ్రాయుటకు తేదీ యేది?

చట్టము మంచిదని చెప్పి ఊరకుండుట వకీలు తనమగును గాని సత్యము గాదు. 2023 ఫిబ్రవరి మొదలుకొని రెండేండ్లకు పైగా మన తెలంగాణ సమాచార కమీషనునందు ఒక్క కమీషనరైనను లేకుండెను. 2025 మే నెలలో గాని ఆ కుర్చీలు నిండలేదు. అంతకాలము రెండవ అప్పీళ్లు గుట్టలై పడియుండెను. ప్రజలకిచ్చిన హక్కును రద్దు చేయ నక్కరలేదు, కుర్చీ ఖాళీగా నుంచిన జాలునని మనకు తెలిసినది. దీనిపై ఈ నగరమున ఎన్ని సభలు జరిగినవి? ఎన్ని పఠనమందిరములు తీర్మానము చేసినవి? నేను మిమ్ములను నిందించుట లేదు. నేనును ఏ సభను జరుపలేదు.

న్యాయసహాయమును గూర్చి చెప్పవలసిన దానిలో మొదటిది ఒక పత్రిక కథ. 1979 జనవరిలో బీహారు జైళ్లలో విచారణ లేక యేండ్లతరబడి మ్రగ్గుచున్న ఖైదీలను గూర్చి ఒక ఆంగ్ల దినపత్రికలో వ్రాతలు వచ్చినవి. వారు చేసినదని చెప్పబడిన నేరమునకు పడు శిక్షకంటె ఎక్కువకాలము ముందే అనుభవించినవారు అందు కలరు. కపిలా హింగోరానీ అను న్యాయవాదిని ఆ వ్రాతల నాధారముగా చేసికొని సుప్రీంకోర్టునకు బోగా, వేలకొలది ఖైదీలు విడుదలైరి. అదియే హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యము. పేదలకు ఉచిత న్యాయసహాయము 1976 లో రాజ్యాంగమున 39-ఎ అధికరణముగా జేరినది. 1987 లో చట్టమైనది. 1995 నవంబరు 9 న అమలునకు వచ్చినది. ఈ మధ్య 1986 లో సుఖ్ దాస్ వ్యాజ్యమున ఒక చిక్కు ప్రశ్న వచ్చినది. ముద్దాయి న్యాయవాదిని అడుగలేదు, కావున ఈయలేదని ప్రభుత్వము వాదించెను. హక్కు ఉన్నదని తెలియనివాడు అడుగుట యెట్లని సుప్రీంకోర్టు ప్రశ్నించి, శిక్షను కొట్టివేసినది.

ఆ చట్టము 12 వ సెక్షను క్రింద స్త్రీలకు, బాలబాలికలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవైకల్యము గలవారికి, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో నున్నవారికి ఆదాయముతో పని లేకుండ న్యాయవాదిని ఉచితముగా నిత్తురు. తక్కినవారికి ఆదాయపరిమితి కలదు. "మాకు జీతము వచ్చుచున్నది గదా, మేమెట్లు అడుగుదుము?" అని చదువుకొన్న స్త్రీలే నన్ను అడుగుచున్నారు. స్త్రీ యైన జాలును. జీతము చెప్ప నక్కర లేదు. కోర్టు రుసుమును, నకళ్ల ఖర్చును సంస్థయే భరించును. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణమున న్యాయసేవాధికార సంస్థ కార్యాలయము కలదు. 15100 అను నెంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. కరెంటు, నీరు, పారిశుద్ధ్యము, తపాలా, రవాణా, ఆసుపత్రి, భీమా వంటి ప్రజోపయోగ సేవలలో తగవు వచ్చినచో అచ్చటనే శాశ్వత లోక్ అదాలత్ కలదు. 2002 సవరణచే వచ్చినది. రుసుము లేదు. ఒక కోటి రూపాయల వరకు గల తగవును వినును. ఉభయులను రాజీకి తెచ్చుటకు యత్నించి, కాకున్న తానే తీర్పు చెప్పును. కోర్టునకు పోకముందే దీని నాశ్రయింపవలెను, పోయినపిమ్మట కుదరదు. ఇంత సులువైన గడప ఎక్కువమందికి తెలియకుండుట చూచి నాకు ఆశ్చర్యము కలుగుచుండును.

ఉచితముగా వచ్చు వకీలు ఉత్తవకీలని జనుల నమ్మకము. అది పూర్తిగా అబద్ధమని నేననలేను. ఉచితపు కేసును వాయిదా వేయించి డబ్బులిచ్చు కేసునకు పరుగెత్తినవారు మాలో కలరు. ఒకప్పుడు నాయొద్దకు వచ్చిన యొక ముసలివానిని "సోమవారము రా తాతా" అని మూడు సోమవారములు త్రిప్పినవాడను నేనే. నాలుగవ సోమవారము అతడు రాలేదు. ఆ సంగతి జ్ఞాపకము వచ్చినపుడెల్ల సిగ్గగును. అట్లు త్రిప్పబడినవారు ఆ సంస్థకే వ్రాసి వేరు న్యాయవాదిని కోరవచ్చును. ఆ తాతకు ఈ సంగతి నేను చెప్పియుండలేదు.

"రసీదు అడిగినచో గుమాస్తాకు కోపము వచ్చి పని చెడును" అని నన్ను పలువురు హెచ్చరించినారు. ఈ భయము వట్టిది కాదు. కిటికీ వెనుక నున్నవానికి కూడ వందమంది ముఖములు చూచి విసుగు పుట్టును. వానితో కలహించి లాభము లేదు. అర్జీ రెండు ప్రతులు వ్రాసికొని పోవుడు. ఒకటి ఇచ్చి, రెండవదానిపై "అందినది" అని ముద్ర, తేదీ వేయుమని మెత్తగా నడుగుడు. వేసిన మంచిది. వేయనిచో నమస్కరించి బయటికి వచ్చి అదే కాగితమును అదే దినమున స్పీడుపోస్టులో పంపుడు. కోపమునకు తావే లేదు.

నిజాము కాలమున బహిరంగసభకు అనుమతి కావలసియుండెను. పత్రికలు, పుస్తకములు అనుమానాస్పదములై యుండెను. ఆ దినములలో 1901 న ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టినది. దాని వెనుక ఎన్నో పఠనమందిరములు పుట్టినవి. చదువుట యను పనియే అప్పుడొక సాహసము. నేడు చదువుటకు ఎవ్వరి యనుమతియు నక్కర లేదు. ఈ మందిరమున ప్రతిదినము పత్రిక చదివి రాజ్యములను నిలబెట్టి పడగొట్టు పెద్దలను నేనెరుగుదును. వారిలో ఒక్కరు ప్రక్కవీధి పనిమనిషికి అర్జీ వ్రాసి పెట్టగా నేను చూడలేదు. దస్తూరి బాగున్నవారు, తెలుగును ఉర్దూను వ్రాయగలవారు ఇచ్చట ఎందరో కలరు. ఉర్దూ ఈ రాష్ట్రమంతటను 2017 నుండి రెండవ అధికారభాష. ఆ భాషలో అర్జీ తీసికొనమని చెప్పుట తగదు. ఒడిశానుండియు బీహారునుండియు వచ్చిన కూలీలకు వ్రాసి పెట్టువారు మరీ యరుదు.

నారాయణపేట దంపతుల సంగతి యేమైనదని మీరడుగుదురు. ఆ తొమ్మిదవ దినమున మేము వ్రాసిన కాగితములు మూడు: ఒకటి పోలీసు పై యధికారికి తపాలాలో, ఒకటి న్యాయసేవాధికార సంస్థకు, ఒకటి కార్మికశాఖకు. ఎఫ్.ఐ.ఆర్. వచ్చినది. పరిహారపు దావా నడచుచున్నది. యజమాని పక్షమువారు, అతడు మా పనివాడే కాడని వాదించుచున్నారు. హాజరు పట్టీలో పేరు లేదు. అతని కాలు కొంత కురుచయైనది. ఇప్పుడు కావలివానిగా నున్నాడు. ఆమె మాత్రము ఒక ప్లాస్టికు సంచిలో కాగితములన్నియు తేదీవరుసన పెట్టుకొని వాయిదాకు వచ్చుచున్నది. చదువు రాదు గాని ఏ కాగితము ఏదో ముద్రను బట్టి చెప్పగలదు.

ఈ మందిరపు వరండాలో రెండు బల్లలు ఊరక పడియున్నవి. కార్యదర్శిగారి యనుమతి యైనది. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఒక బల్లయొద్ద నేను కూర్చుందును. తెల్లకాగితములు, కార్బను కాగితములు నేను దెత్తును. రెండవ బల్లయొద్దకు మీలో నెవ్వరు వత్తురో సభ ముగియకముందే పేరీయుడు.